ప్రామిసరీ నోటు గడువు: దసరా దాకా ఆగొచ్చా?

ప్రశ్న: లాయరు గారూ, మాది మలక్‌పేట. మా ఆయన 2022 ఆగస్టు 18న తనతో పనిచేసే స్నేహితుడికి 6 లక్షలు ఇచ్చి ప్రామిసరీ నోటు రాయించుకున్నారు. వడ్డీ నూటికి రూపాయిన్నర. నోటు మా ఇంట్లోనే రాశారు. అతను ఉండేది వనస్థలిపురంలో. 2023 చివరి దాకా వడ్డీ ఫోన్‌పేలో వేశాడు. 2024 జనవరి 2న 50 వేలకు చెక్కు ఇచ్చాడు, అది పాసయింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఈ ఫిబ్రవరిలో మా ఆయన పోయారు. అడిగితే ‘వదినా, బోనాలు కానీ, దసరాకి మొత్తం సర్దుతా’ అని వాట్సాప్‌లో పెడుతున్నాడు. మనం అడిగిన రోజు నుంచి మూడేళ్ళు ఉంటుందని ఒకరు, కరోనా కాలం కలుస్తుందని ఇంకొకరు, పిల్లలు మైనర్లు కాబట్టి తొందరేం లేదని మరొకరు అంటున్నారు. వారసత్వ సర్టిఫికెట్ లేనిదే కేసు వేయలేరని కూడా చెప్పారు. ఏం చేయాలి? ఇంకొక మాట. మా నాన్నగారు పోయి ఐదేళ్ళయింది. ఇంట్లో తమ్ముడు ఉంటున్నాడు. నా వాటా అడగడానికి కూడా మూడేళ్ళేనా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ముందుగా నా కంటపడినవి రెండు తేదీలు. నోటు రాసింది 2022 ఆగస్టు 18. అతను ఇస్తానంటున్నది దసరాకి. ఈ ఏడు దసరా అక్టోబరు 2న వస్తోంది. నోటు గడువు మాత్రం ఆగస్టు 18తో అయిపోతుంది. అతని మాట నమ్మి పండగ దాకా ఆగితే, ఆ రోజుకి నోటుకు కాలదోషం పట్టి ఆరు వారాలు దాటిపోతుంది. అతను కావాలనే ఆ తేదీ చెబుతున్నాడని నేననను. తెలిసి చెప్పినా తెలియక చెప్పినా మీకు జరిగే నష్టం ఒకటే. నేనీ జవాబు రాస్తున్నది 2025 జూలై రెండో వారంలో. మీకు నెలకు పైగా టైముంది, అది చాలు. కానీ ఈ వారమే కదలాలి.

ముందు నోటు బయటికి తీసి చదవండి. మన దగ్గర రాసే నోట్లలో దాదాపు అన్నిటిలోనూ ‘మీరు కోరినప్పుడు మీకు గానీ, మీ అనుమతి పొందినవారికి గానీ చెల్లించగలవాడను’ అని ఉంటుంది. ‘కోరినప్పుడు’ అనే ఆ మాట చూసే చాలామంది పొరబడతారు. మనం ఎప్పుడు కోరితే అప్పటి నుంచి మూడేళ్ళని అనుకుంటారు. 1963 నాటి కాలపరిమితి చట్టం లెక్క అది కాదు. కోరినప్పుడు చెల్లించే నోటుకు, విడిగా మరే కాగితంలోనూ గడువు వాయిదా వేసి ఉండకపోతే, నోటు తేదీ నుంచే మూడేళ్ళు. చట్టం వెనకాల ఉన్న పట్టికలో 35వ ఆర్టికల్ ఇదే చెబుతుంది. కోరే హక్కు మీకు రాసిన రోజే వచ్చేసింది కాబట్టి కాలం కూడా ఆ రోజే కదిలింది. ‘అడిగిన రోజు నుంచి’ అనే మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదులెండి. అడిగినప్పుడు తిరిగివ్వాలని దాచుకోమని ఇచ్చిన డిపాజిట్ డబ్బుకు, బ్యాంకులో ఉన్న డబ్బుకు ఆ లెక్క వర్తిస్తుంది. అప్పుకు వర్తించదు. మీ నోటులో ‘ఫలానా తేదీకి చెల్లిస్తాను’ అని ప్రత్యేకంగా రాసి ఉంటే మాత్రం ఆ తేదీ నుంచి మూడేళ్ళు. చదవమన్నది అందుకే.

నోటు రాసిన రోజును లెక్కలోంచి తీసేస్తారు కనుక 2025 ఆగస్టు 18 మీకు ఆఖరి రోజు. అది సోమవారం. ముందు శుక్రవారం పంద్రాగస్టు, ఆదివారం ఎలాగూ సెలవు. ఆఖరి రోజు సెలవైతే కోర్టు తెరిచిన రోజున దాఖలు చేసుకోవచ్చని చట్టంలో ఉంది, కానీ మీ ఆఖరి రోజు సెలవు కాదు. జూలై నెలాఖరుకే దావా కోర్టులో పడేలా చూసుకోండి. సంతకాలు, అఫిడవిట్లు, కోర్టు ఫీజు, రిజిస్ట్రీ వాళ్ళు తప్పులు చూపి వెనక్కి ఇస్తే సరిచేయడం, వీటన్నిటికీ రోజులు పడతాయి.

ఒక్క రోజు ఆలస్యమైతే జడ్జిగారు అర్థం చేసుకోరా అని మీరు అనుకోవచ్చు. అర్థం చేసుకున్నా ఆయన చేయగలిగింది లేదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం సెక్షన్ 5 కింద అప్పీళ్ళకు, కొన్ని దరఖాస్తులకు ఉంది. కొత్తగా వేసే దావాకు లేదు. పైగా గడువు దాటిన దావాను, అవతలివాళ్ళు ఆ మాట ఎత్తకపోయినా, కోర్టే కొట్టేయాలని సెక్షన్ 3 చెబుతోంది. భర్త పోయిన దుఃఖంలో ఉండి రాలేకపోయామని చెప్పినా, అనారోగ్యం అన్నా లెక్కలోకి రావు. బీరువాలో పసుపు, కుంకుమ పెట్టి దాచుకున్న నోటు తెచ్చి నా బల్ల మీద పెట్టి, తేదీ చూసి నేను మౌనంగా ఉండిపోతే ముఖం వాడిపోయినవాళ్ళను చాలామందిని చూశాను. బాకీ నిజం, సంతకం నిజం, సాక్షులూ ఉన్నారు. అయినా దావా నిలవదు. మీ విషయంలో అలా జరగకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కరోనా సంగతి. సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కల్లోంచి తీసేసిన మాట నిజమే. కానీ మీ నోటు ఆ తర్వాత, ఆగస్టులో పుట్టింది. దానికి ఒక్క రోజు కూడా కలవదు. 2021లో రాసిన నోటుకైనా లెక్క 2022 మార్చి 1 నుంచి మొదలై ఈ ఏడాది మార్చి మొదటికే ముగిసింది. ఆ మధ్యలో చెల్లు (కొంత కట్టినట్టు బాకీదారు నోటు వెనక రాసిచ్చే సంతకం) లేని నోట్లు దగ్గర పెట్టుకుని కరోనా పేరు చెప్పుకుంటున్నవాళ్ళు ఇది చదివితే ఒకసారి చూసుకోవాలి.

మైనర్ల విషయంలో మీకు చెప్పినవారు సగం నిజం చెప్పారు. దావా హక్కు పుట్టిన రోజున ఆ హక్కుదారు మైనరైతే, మేజరయ్యాక గడువు ఇస్తారు. అది కూడా గరిష్ఠంగా మూడేళ్ళే. మీ ఇంట్లో ఆ రోజున హక్కుదారు మీ ఆయన. కాలం ఆయన బతికుండగానే మొదలైంది. ఒకసారి మొదలయ్యాక తర్వాత వచ్చిన ఏ అడ్డంకీ దాన్ని ఆపదు. మరణమూ ఆపదు, పిల్లల వయసూ ఆపదు.

ఇక చేయాల్సిన పని. దావా కన్నా తేలికైన దారి ఇంకా మూసుకుపోలేదు. అదే చెల్లు. అతను ఇప్పుడు ఎంతో కొంత, వెయ్యి రూపాయలైనా సరే, ఈ బాకీ కింద కట్టి, నోటు వెనక ‘ఈ నోటు బాకీ కింద ఈ రోజు ఇంత చెల్లించాను’ అని తన చేత్తో రాసి, తేదీ వేసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్ళీ కొత్తగా మూడేళ్ళు వస్తాయి. డబ్బు కట్టకపోయినా ‘ఈ నోటు తాలూకు బాకీ నేను ఇవ్వాల్సి ఉంది’ అని రాసి సంతకం చేసినా అంతే ఫలితం, దీనికి సెక్షన్ 18 ఆధారం. రెంటికీ షరతు ఒకటే, ఆగస్టు 18 లోపు జరగాలి. ఆ తర్వాత పెట్టిన చెల్లు నోటును బతికించదు. పాత తేదీ వేసి రాయించుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది నేరం దాకా పోతుంది. అతను నిజంగా దసరాకి ఇచ్చే ఉద్దేశంతో ఉంటే చెల్లు రాయడానికి అభ్యంతరం ఉండకూడదు. ‘నువ్వు దసరాకే ఇవ్వు, ఇప్పుడు మాత్రం ఇక్కడ సంతకం పెట్టు’ అనండి. అతని జవాబును బట్టి మీకే తెలిసిపోతుంది. రేపు, ఎల్లుండి అని తిప్పితే వారం కన్నా ఎక్కువ ఇవ్వకండి.

ఫోన్‌పేలో వేసిన వడ్డీ, వాట్సాప్ మెసేజీలు పనికిరావా అంటే, సాక్ష్యంగా పనికొస్తాయి, గడువు పెంచడానికి వాటినే నమ్ముకోకూడదు. చెల్లింపు వల్ల గడువు పెరగాలంటే చెల్లించినవాడి చేతిరాత గానీ, సంతకం ఉన్న రాత గానీ ఉండాలని సెక్షన్ 19 అంటోంది. ఫోన్‌లో డబ్బు వేస్తే సంతకం ఎక్కడుంది? ఐటీ చట్టం చూపించి వాదించవచ్చు, నేనూ వాదిస్తాను. కానీ వాదించి గెలవాల్సిన పరిస్థితి తెచ్చుకోవడమెందుకు? మెసేజీలు మాత్రం చెరపకండి, ఫోన్ మార్చకండి. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి.

మీ చేతిలో ఇంకో ఆధారం ఉంది, మీరు దాని మీద నుంచి దాటిపోయారు. అది 50 వేల చెక్కు. చెక్కు మీద అతని సంతకం ఉంటుంది, అది పాసయింది కూడా. అలాంటి చెక్కు సెక్షన్ 19 కోరే సంతకమున్న రాతే అవుతుందని సుప్రీంకోర్టు ఏనాడో చెప్పింది. ఆ లెక్కన 2024 జనవరి నుంచి కొత్త మూడేళ్ళు వస్తాయి. ఇది విని ఊపిరి పీల్చుకోకండి. రేపు అతను ‘ఆ చెక్కు చిట్టీ డబ్బుకి ఇచ్చాను, నోటుకి కాదు’ అంటే, కాదని చూపించాల్సింది మీరే. మాట్లాడుకున్న ఇద్దరిలో మీ ఆయన లేరు. అందుకని చెక్కును రెండో కాపుగా ఉంచుకుని, అసలు దావా ఆగస్టు 18 లోపే వేయండి. మీ బ్యాంకుకు వెళ్ళి ఆ చెక్కు నకలు కోసం, ధ్రువీకరించిన స్టేట్‌మెంట్ కోసం ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.

లాయరు నోటీసు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది మోసపోతారు. నోటీసు ఇస్తే గడువు ఆగదు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చినా, పెద్దమనుషుల్లో కూర్చున్నా ఆగదు. ఇద్దరు వ్యక్తుల మధ్య అప్పు దావాకు ముందు నోటీసు ఇవ్వడం తప్పనిసరి కూడా కాదు. ప్రభుత్వం మీద దావాకైతే రెండు నెలల నోటీసు ఉండాలి, ఆ రెండు నెలలూ గడువులోంచి తీసేస్తారు. మీది అది కాదు.

వారసత్వ సర్టిఫికెట్ వచ్చాకే కేసు అన్నది తప్పు. చనిపోయినవారికి రావాల్సిన బాకీపై డిక్రీ (కోర్టు తుది ఆదేశం) ఇవ్వడానికి ఆ సర్టిఫికెట్ కావాలని 1925 నాటి భారత వారసత్వ చట్టం సెక్షన్ 214 చెబుతుంది. దావా వేయడానికి అది ఉండాలని చెప్పదు. దావా ఇప్పుడు వేసి, సర్టిఫికెట్ కోసం విడిగా దరఖాస్తు పెట్టి, తీర్పు లోపు తెచ్చి ఇవ్వవచ్చు. నోటీసులు, పేపరు ప్రకటన అయ్యేసరికి నెలలు పడతాయి, దానికోసం ఆగితే గడువు పోతుంది. మీసేవలో దరఖాస్తు చేసి తెచ్చుకునే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వేరు, కోర్టు ఇచ్చే ఈ సర్టిఫికెట్ వేరు. దావాలో మీరు, పిల్లలు, మీ అత్తగారు ఉంటే ఆమె కూడా చేరాలి. హిందూ వారసత్వ చట్టంలో కొడుకు ఆస్తికి తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. పిల్లల తరఫున మీరే సంతకం చేయవచ్చు. నోటు మలక్‌పేటలో రాశారు కనుక హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో వేయవచ్చు. అతను ఉండేది వనస్థలిపురం కనుక ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లోనూ వేయవచ్చు. మీకు దగ్గరైనది చూసుకోండి.

ఆగస్టు 18 దాటితే బాకీ మాఫీ అయిపోయినట్టా? కాదు. కోర్టుకెళ్ళే దారి మూసుకుంటుంది, బాకీ మిగిలే ఉంటుంది. అతను మనసు మార్చుకుని కడితే, గడువు దాటిందని చెప్పి తిరిగి అడగలేడు. కాలదోషం పట్టిన బాకీ తీరుస్తానని కొత్తగా రాసి సంతకం చేసినా, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25 కింద అది చెల్లుతుంది. కానీ అప్పుడు అంతా అతని దయ మీద ఉంటుంది.

నాన్నగారి ఇంటి సంగతికి వస్తే, అక్కడ మూడేళ్ళ లెక్క లేదు. ఉమ్మడి ఆస్తిలో మిమ్మల్ని వాటా నుంచి తప్పించారని మీకు తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ళు. తమ్ముడు ఆ ఇంట్లో ఉంటున్నంత మాత్రాన మిమ్మల్ని తప్పించినట్టు కాదు. అతను ‘నీకు వాటా లేదు’ అని స్పష్టంగా అన్నప్పుడు లెక్క మొదలవుతుంది. అలా అన్నాడా, ఎప్పుడన్నాడు, మెసేజీ ఉందా అన్నది గుర్తు చేసుకుని రాసిపెట్టుకోండి. కానీ ఒక పని వెంటనే చేయండి. ఆ ఇంటికి ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. నాన్నగారు రాసినట్టు గిఫ్టు డీడో, మీ సంతకంతో హక్కు విడుదల పత్రమో రిజిస్టరై ఉంటే, దాన్ని రద్దు చేయించుకోవడానికి ఆ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్ళే ఉంటుంది. ఆస్తి విషయంలో గడువు దాటితే అప్పులాగా దారి మూసుకోవడంతో ఆగదు, కాలపరిమితి చట్టం సెక్షన్ 27 కింద హక్కే పోతుంది.

లాయరు ఖర్చు గురించి మీరు రాయలేదు కానీ, ఐదు నెలల కింద ఇంటి యజమానిని పోగొట్టుకున్నవారు మీరు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళి, గడువు ఆగస్టు 18 అని దరఖాస్తు పైనే రాయండి. వెళ్ళేటప్పుడు నోటుకు రెండు వైపులా జిరాక్సు, మీ ఆయన మరణ ధ్రువపత్రం, ఆధార్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకెళ్ళండి. అసలు నోటు మాత్రం చెల్లు రాయిస్తున్నప్పుడు కూడా అతని చేతికి వదలకండి. పక్కన ఇద్దరు మీవాళ్ళు ఉండాలి, రాయడం కాగానే మీరే తీసుకోండి. దావాతో పాటు కోర్టులో పెట్టడానికి లాయరుకిస్తే రసీదు రాయించుకోండి.