ఫొటోకే పెద్దపీట

ప్రశ్న: అమ్మమ్మ కాలం నాటి ఫొటోలు, శుభలేఖలతో స్క్రాప్‌బుక్ చేయాలనుకుంటున్నాను. మీరు పేజీని ఎలా మొదలుపెడతారు?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: నేను ముందుగా ఫొటోను ఎంచుకుంటాను, అందులోని చీర అంచుకో, గోడ రంగుకో నప్పే కాగితాన్ని 12 అంగుళాల చదరపు పేజీపై పరచి, ఏదీ అతికించకుండా మర్నాటిదాకా అలాగే ఉంచుతాను. ఛత్తాబజార్‌లో అచ్చయిన పాత శుభలేఖను కత్తిరించడానికి నాకు మనసొప్పదు కనుక, రంగు జిరాక్సు తీయించి ఆ ప్రతినే వాడతాను. కాగితం, జిగురు రెండూ ఆమ్లరహితమైనవే కావాలి. చవక కాగితంలో ఉండే లిగ్నిన్ అనే కలప పదార్థం వెలుతురుకు, గాలికి పసుపుబారి, ఆమ్లాలను పుట్టించి, పక్కనున్న ఫొటోనూ పాడుచేస్తుంది. పాత ఫొటోకు మాత్రం దయచేసి జిగురు రాయకండి. నాలుగు మూలలకూ కాగితపు కార్నర్లు (ఫొటో మూలను దూర్చే చిన్న జేబులు) పెడితే, ఎప్పుడైనా బయటకు తీసి, వెనక పెద్దవాళ్లు రాసిన పేర్లు చదువుకోవచ్చు. ఆ పేర్లను పేజీ మీద మీ చేతిరాతతోనే రాయండి, స్టిక్కర్ అక్షరాలు వద్దు.