మా ఒడ్డున ఇనుముకేం కొదవ? నీళ్ళు కలిపే గాలి కావాలి

"సముద్రంలో ఇనుము చల్లితే చేపలు పెరుగుతాయని ఒక వీడియోలో చూశాను. మన బంగాళాఖాతంలో ఎందుకు చల్లరు?" అని అడిగారు.

మాది ఒడిశాలోని గంజాం జిల్లా, గోపాల్‌పూర్ పక్కన తెలుగు పల్లె. తాతల నాటి నుంచీ వేటే బతుకు. నేనొక్కడినే బడి పట్టుకుని వేళ్ళాడి బరంపురంలో తేలాను. అయినా ఇలాంటి ప్రశ్న కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

చిన్నప్పుడు పాడైన రేడియో స్పీకర్‌లోంచి అయస్కాంతం ఊడదీసి ఒడ్డుకి పట్టుకెళ్ళేవాళ్ళం. అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్ల చారలు మిగులుతాయి. అందులో అయస్కాంతం పెడితే కొన్ని రేణువులు మీసాల్లా లేచి అంటుకునేవి. ఛత్రపూర్ దగ్గర ఆ ఇసుకలోంచే ఇల్మనైట్ తీస్తారు. ఇనుమూ టైటానియమూ కలిసిన ఖనిజం అది. మరి ఒడ్డున ఇంత ఇనుముంటే నడిసముద్రంలో ఎందుకు లేదు? ఆక్సిజన్ ఉన్న ఉప్పునీటిలో ఇనుము కరగదు గనక. తుప్పై అడుగుకి దిగిపోతుంది. నడిసముద్రంలో పైనీరు ఒక టన్ను తీస్తే, అందులో కరిగిన ఇనుము మామూలుగా మిల్లీగ్రాములో పదో వంతు కూడా ఉండదు. ఒకప్పుడు గాలిలో ఆక్సిజన్ లేని కాలంలో సముద్రం నిండా ఇనుమే. అది దిగి పొరలు కట్టిందే ఇవాళ కెందుఝర్ గనుల్లో లారీలకెత్తుతున్నారు.

మా సైన్సు పాఠం ఒడియాలోనే. లుహా అంటే ఇనుము, లుహ అంటే కన్నీరు. సముద్రంలో లుహా ఉందని మాస్టారు చెబితే సగం క్లాసు కన్నీళ్ళనుకుంది. ఉప్పగా ఉంటుంది కదా, సరిపోయిందిలే అనుకున్నాం. తెలుగు పిల్లలకి తెలుగులో చెప్పేవాళ్ళుంటే ఈ గొడవే ఉండేది కాదు. ఆ మాట ఎన్నిసార్లు అన్నా వినేవాళ్ళు లేరు, సరే.

చేపల తిండికి మొదలు నీటిలో తేలే సన్నటి నాచు. దానికి పచ్చదనం పట్టాలంటే ఇనుము కావాలి. చిటికెడే, కానీ అది లేకపోతే నైట్రేటు లాంటి పోషకాలు ఎంతున్నా దండగే. జాన్ మార్టిన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1988లో "సగం ట్యాంకర్ ఇనుమివ్వండి, మంచుయుగం తెచ్చిస్తాను" అన్నాడు. నాచు గాలిలోని కార్బన్‌ని తిని అడుగుకి దిగితే భూమి చల్లబడుతుందని ఆయన లెక్క. వీడియోలవాళ్ళు ఆ ఒక్క మాట పట్టుకున్నారు. 2009లో మన గోవా సముద్ర విజ్ఞాన సంస్థవాళ్ళూ జర్మన్లూ కలిసి దక్షిణ అట్లాంటిక్‌లో దాదాపు 300 చదరపు కిలోమీటర్ల నీటిలో ఇనుము కలిపి చూశారు. నాచు పెరిగింది గానీ అందులో గాజు పెంకు కట్టుకునే రకం, డయాటమ్‌లు, పెరగలేదు. వాటి పెంకుకి కావలసిన సిలికా అక్కడి నీటిలో లేదు. పెరిగిన చిన్న నాచుని రొయ్యపిల్లల్లాంటి పురుగులు మేసేశాయి. అడుగుకి దిగిన కార్బన్ కొంచెమే. చింతపండు లేకుండా ఉప్పొక్కటే వేస్తే పులుసవుతుందా?

మా వైపు సంగతి వేరు. గంగ, మహానది, గోదావరి నీళ్ళన్నీ ఇటే. ఆ మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద మూతలా పడుకుంటుంది. కింద నైట్రేటు, ఫాస్ఫేటు ఉన్నా పైకి రానివ్వదు. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే మనది పేదది. ఆ మూత తీయాలంటే గాలే తీయాలి.

నాకు పన్నెండేళ్ళప్పుడు, ఒక మార్చి పొద్దున్న, మావయ్యతో అలివి వల లాగడానికి వెళ్ళాను. నీళ్ళలో అడుగుపెడితే ఎండాకాలం ముందు ఉండాల్సిన గోరువెచ్చన లేదు, కాళ్ళు జిల్లుమన్నాయి. నీరు టీ డికాషన్ రంగులో ఉంది. వల బరువుగా వస్తుంటే మాకు సంబరం. తీరా ఒడ్డుకి లాగితే వల కన్నుల నిండా గోధుమ రంగు జిగురు, చేపలు బుట్టలో సగం కూడా లేవు. చేతులకంటిన జిగురు ఇసుకతో రుద్దినా పోలేదు.

"ఇదేటి మావా?" అన్నాను.

మావయ్య కాస్త జిగురు వేలితో తీసి వాసన చూశాడు. "అడుగు నీరు పైకొచ్చిందిరా. ఇయ్యాల సేప రాదు. పదిహేను రోజులాగు, కవళ్ళ సేపలొస్తాయి."

ఆ రంగు డయాటమ్‌లది. ఆస్టీరియొనెల్లా అనే జాతి ఈ తీరంలో ఇలా విరగబడడం శాస్త్రవేత్తలు రాసిపెట్టిందే. నైరుతి గాలి తీరం వెంట వీచి పైనీటిని నడిసముద్రం వైపు నెడితే అడుగు నీరు తిండితో సహా పైకొస్తుంది. సిలికా, ఇనుము ఏళ్ళ తరబడి ఋషికుల్య లాంటి నదులు తెచ్చి పోసినవే. మావయ్యకి ఇవేవీ తెలియవు, ఆ చల్లదనం మాత్రం తెలుసు. కవళ్ళు పదిహేనుకి కాదు, పద్దెనిమిదో రోజుకొచ్చాయి. ఆ మూడు రోజులూ అత్త ఆయన్ని ఎన్ని మాటలందో నాకింకా గుర్తే.

తుపానూ ఇదే పని చేస్తుంది, మరీ మొరటుగా. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ మా దగ్గరే తీరం దాటింది. తుపాను వెళ్ళిన దారిలో సముద్రం పచ్చబడడం ఉపగ్రహాలకి కనిపిస్తుంది. వేటకి వెళ్ళడానికి మాకు పడవలుండాలిగా! మావయ్య పడవ రెండు ముక్కలై మొగలి పొదల్లో దొరికింది.

కాబట్టి ఇనుము మాటెత్తితే మా పల్లెలో నవ్వుతారు. పడవకి దిగ్గొట్టిన మేకులే ఏడాది తిరిగేసరికి తుప్పై సముద్రంలో కలుస్తున్నాయి, ఇంకా మేమేం చల్లాలండీ?