ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ నేర్పే కోర్సుకు ఫీజు కట్టాలా?

ప్రశ్న: మాది రాయదుర్గం దగ్గర పల్లె. మా అబ్బాయి బీటెక్ అయిపోయింది. అనంతపురంలో ఒక సెంటర్ వాళ్లు సర్వర్ వర్చువలైజేషన్ నేర్పిస్తామంటున్నారు. వాళ్ల మెటీరియల్ అంతా వీఎంవేర్ సర్వర్ మీదే ఉంది. అది ఎప్పుడో ఆగిపోయిందని వాడి స్నేహితులు అంటున్నారు. బుడ్డలు (వేరుశనగ) అమ్మిన డబ్బు చేతిలో ఉంది. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దండీ. ఆ పిల్లలు చెప్పింది నిజం.

ఒకే మెషీన్‌లో నాలుగైదు సర్వర్లు నడిపించడమే వర్చువలైజేషన్. 2001లో వీఎంవేర్ కంపెనీ ఇందుకోసం రెండు సాఫ్ట్‌వేర్లు తెచ్చింది. జీఎస్‌ఎక్స్‌ను విండోస్ మీదో లైనక్స్ మీదో ఎక్కించుకోవాలి. ఈఎస్‌ఎక్స్ నేరుగా మెషీన్ మీదే నడుస్తుంది. 2006లో జీఎస్‌ఎక్స్‌కు వీఎంవేర్ సర్వర్ అని పేరు మార్చి ఉచితంగా ఇచ్చారు. నేను ఈ పని నేర్చుకున్నది దాంతోనే, అందుకే దాని మీద నాకు అభిమానం ఉంది. కానీ 2008లో ఈఎస్‌ఎక్స్‌ఐ (ఈఎస్‌ఎక్స్‌లోనే తేలికైన రకం) కూడా ఉచితమయ్యాక, మధ్యలో విండోస్ బరువు మోసే దాని అవసరం తగ్గిపోయింది. 2011 జూన్ 30తో సపోర్ట్ ఆపేశారు. అప్పటి నుంచి దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా లేవు.

అలాగని ఈ లైనే వద్దనకండి. మన దగ్గర బుడ్డల్లో టీఎంవీ-2 రకం పోయి కే-6 వచ్చింది, తర్వాత కదిరి లేపాక్షి వచ్చింది. విత్తనం మారిందని మీరు సేద్యం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోలేదు కదా. ఇక్కడా అంతే. 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ అనే కంపెనీ వీఎంవేర్‌ను కొనేసి, ఒకసారి కొంటే ఎప్పటికీ వాడుకునే లైసెన్సులు అమ్మడం మానేసింది. ఖర్చు పెరిగిన కంపెనీలు వేరే దారి వెతుక్కుంటున్నాయి. పాత సర్వర్లను డేటా పోకుండా కొత్తదానిలోకి మార్చే మనుషులు వాళ్లకు కావాలి. మీ అబ్బాయి గురి పెట్టాల్సింది ఆ పని మీద.

ఈ రాత్రే మొదలుపెట్టమనండి. ల్యాప్‌టాప్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కితే వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని కనిపించాలి. డిజేబుల్డ్ అని ఉంటే బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో) ఆన్ చేసుకోవాలి. వర్చువలైజేషన్ చేసే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దాంట్లో 2 జీబీ ర్యామ్ ఇచ్చి ఉబుంటు సర్వర్ (లైనక్స్‌లో ఒక రకం) ఎక్కించి, స్నాప్‌షాట్ తీసుకోవాలి, అంటే ఆ క్షణానికి సర్వర్ ఎలా ఉందో అలాగే దాచిపెట్టుకోవాలి. తర్వాత ఆ ఉబుంటు లోపల, సెట్టింగ్స్ అన్నీ ఉండే ఈటీసీ (/etc) ఫోల్డర్‌ను కావాలనే డిలీట్ చేసి రీస్టార్ట్ చేయాలి. సర్వర్ సరిగా లేవదు. టెన్షన్ పడక్కర్లేదు, స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్తే నిమిషంలో మళ్లీ లేచి కూర్చుంటుంది. ఇది చేతులారా చేసిన పిల్లవాడు ఇంటర్వ్యూలో తడబడడు.

ఆ తర్వాత రెండు సర్వర్లు పెట్టి ఒకదానితో ఒకటి మాట్లాడించాలి. నెట్‌వర్కింగ్ అక్కడే వంటబడుతుంది. వర్చువలైజేషన్ కోసం 2007 నుంచి లైనక్స్‌లోనే ఉన్న కేవీఎం, దాని మీద నడిచే ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. వాటికి రెండు మూడు నెలలు కూర్చుంటే చాలు.

ఫీజుకని తీసిపెట్టిన డబ్బులో కొంత పెట్టి, వీలుంటే ల్యాప్‌టాప్‌కు 16 జీబీ ర్యామ్ వేయించండి. మిగతాది వచ్చే కారు పంట విత్తనానికి దాచుకోండి.