కుండీలో నల్లనీళ్లు పోసే ముందు

చిన్నీ,

నువ్వు పంపిన టమాటా ఫోటో పెద్దది చేసి చూశాను. పైన కొత్తగా వస్తున్న లేత ఆకులు పసుపు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి, కింది ముదురు ఆకులకు ఏమీ కాలేదు. ఇది ఇనుము అందని లక్షణం తల్లీ. నత్రజని తక్కువైతే ముందు కింది ఆకులు పాలిపోతాయి. మీ అపార్ట్‌మెంట్ బోరునీళ్లలో సున్నం ఎక్కువని నువ్వే చెప్పావు, గిన్నెల మీద తెల్లచారలు పడతాయని. రోజూ ఆ నీళ్లే పోస్తుంటే కుండీ మట్టి క్షారం వైపు జరిగిపోతుంది, అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. టెన్షన్ పడకు, చెట్టు చచ్చిపోదు.

హ్యూమిక్ యాసిడ్ కొననా పెద్దమ్మా అని అడిగావు. కొనొచ్చు. కానీ నీ బాల్కనీ మూలన ఉన్న కంపోస్టు డబ్బాలోనే అది ఉంది, దాన్ని ఎలా బయటికి తీయాలో, ఎంత పోయాలో తెలిస్తే చాలు. ఈ ఎంత అన్న దగ్గరే అందరం తప్పు చేస్తాం కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

ఆకులు, తొక్కలు, పేడ పూర్తిగా చివికాక మిగిలే ఆ నల్లటి జిగురు పదార్థంలో ఒక భాగం ఈ హ్యూమిక్ యాసిడ్. క్షారపు నీళ్లలో కరుగుతుంది, బాగా పులుపు తగిలితే విడిపోయి అడుక్కి దిగుతుంది. దాన్ని గుర్తుపట్టేదే ఆ గుణంతో. పులుపులోనూ కరిగే ఉండేది ఫుల్విక్ యాసిడ్, రెండూ ఒక తల్లి పిల్లలే. ఇది ఎరువు కాదని మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. ఇందులో మొక్క కడుపు నింపేంత నత్రజని లేదు, భాస్వరం లేదు. ఇది చేసేదల్లా ఇనుము, జింకు లాంటివాటిని పట్టుకుని వేరుకి అందేలా ఉంచడం, పోషకాలు నీళ్లతో పాటు కింది రంధ్రంలోంచి కారిపోకుండా కొంత ఆపడం, వేరుని రెచ్చగొట్టడం. 2002లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు వర్మీకంపోస్టు నుంచి తీసిన హ్యూమిక్ యాసిడ్‌ని మొక్కజొన్న వేర్ల మీద పరీక్షించి, పక్కవేర్లు ఎక్కువ పుట్టాయనీ, వేరు కణాల పైపొరలో ప్రోటాన్లను (పులుపునిచ్చే హైడ్రోజన్ కణాలను) బయటికి తోసే పంపులు చురుకయ్యాయనీ చూపించారు. నాకు ఆ సంగతి తెలియక ముందే కంటితో చూసిన ముచ్చట ఒకటుంది. కాపు అయిపోయిన వంగచెట్టుని బ్యాగు నుంచి మట్టిగడ్డతో సహా తిరగేస్తే, గోరంత కంపోస్టు ముక్క చుట్టూ దారప్పోగుల్లాంటి తెల్లవేర్లు అల్లుకుని, విడదీస్తే తెగిపోయేంత గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నాలుగు వేళ్ల దూరంలో వట్టి ఎర్రమట్టి ఉన్నచోట రెండో మూడో వేర్లు, అంతే.

సరే, తయారు చేయడం. ముందు కంపోస్టు పూర్తిగా చివికి ఉండాలి. గుప్పిట్లో పట్టుకుంటే తొలకరి వాన పడ్డ మట్టి వాసన రావాలి, అరటితొక్కో ఆకు ఈనో కనిపించకూడదు, డబ్బాలో చెయ్యి పెడితే వేడి తగలకూడదు. పచ్చి కంపోస్టు నీళ్లు పోస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. ఎండుటాకులు ఎక్కువ వేసిన కంపోస్టు ఆరు నెలలైనా తీసుకుంటుంది, తొందరపడకు. లేదంటే మంచి వర్మీకంపోస్టు తెచ్చుకో.

వట్టి నీళ్లలో నానబెడితే ఫుల్విక్, మరికొన్ని కరిగే లవణాలు వస్తాయి కానీ హ్యూమిక్ కొంచెమే దిగుతుంది. పాత పిడకలు వారం నానబెట్టి ఆ ఎర్రనీళ్లనే హ్యూమిక్ యాసిడ్ అంటున్నారు చూడు, అదీ ఇంతే. చెడ్డదేం కాదు, పోసుకోవచ్చు, కానీ పేరుకి తగ్గంత సరుకు అందులో ఉండదు. ఫ్యాక్టరీల్లో పొటాషియం హైడ్రాక్సైడ్ అనే ఘాటైన క్షారంతో తీస్తారు. ఆ పని నువ్వు ఇంట్లో చెయ్యకు. పిల్లవాడు తిరిగే ఇల్లు, అది చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు, నీళ్లలో కలిపేటప్పుడు సలసలమని వేడెక్కుతుంది. నేను బూడిదనీళ్లు వాడతాను. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అది మెల్లగా అయినా అదే పని చేస్తుంది.

నా కొలత ఇది. జల్లెడ పట్టిన కట్టెల బూడిద 100 గ్రాములు, లీటరు నీళ్లు, రాత్రంతా ప్లాస్టిక్ మగ్గులో వదిలేయి. సిల్వర్ (అల్యూమినియం) గిన్నె వద్దు, క్షారం దాన్ని తినేస్తుంది. రంగులేసిన చెక్క, ప్లైవుడ్, చెత్త కాల్చిన బూడిద అసలు ముట్టుకోకు. పొద్దున పైన తేరిన నీళ్లు మాత్రం వంచుకుని, బకెట్లో కిలో జల్లించిన కంపోస్టు మీద పోసి, ఇంకో 4 లీటర్ల నీళ్లు కలుపు. వాననీళ్లు దొరికితే బంగారం, లేదా ఏసీ నుంచి కారే నీళ్లు పట్టిపెట్టుకో, వాటిలో సున్నం ఉండదు. ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. చేతికి గ్లవ్స్ వేసుకో, బూడిదనీళ్లు కూడా చర్మాన్ని మండిస్తాయి. పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి కర్రతో తిప్పుతూ మూడు రోజులు ఉంచి, పాత నూలు పంచెలో వడకట్టు. వచ్చే నీళ్లు చిక్కటి కాఫీ డికాక్షన్‌లా ఉంటాయి. ఒక గాజుగ్లాసులో కొంచెం తీసుకుని సగం నిమ్మకాయ పిండి గంటసేపు కదపకుండా పెట్టు. గోధుమరంగు మెత్తటి తునకలు విడిపోయి అడుక్కి దిగితే హ్యూమిక్ వచ్చినట్టే. మొదటిసారి అలా దిగడం చూసినప్పుడు నాకెంత సంతోషమేసిందో! పిప్పి పారేయకు, అందులో ఇంకా చాలా ఉంది, బాగా కడిగి కుండీలో కలిపేయి.

ఇప్పుడు పోయడం. ఒక వంతు డికాక్షన్‌కి పది వంతుల నీళ్లు, రంగు పల్చటి టీలా రావాలి. పులుపో క్షారమో చూపే పీహెచ్ కాగితం ముంచి చూడు, 7, 8 మధ్య ఉంటే సరే, ఎక్కువుంటే ఇంకా నీళ్లు కలుపు. నీకు క్షారం ఎక్కువైన మట్టి కాబట్టి ఈ మాట మరీ ముఖ్యం, బూడిదనీళ్లు చిక్కగా పోస్తే ఉన్న జబ్బు ముదురుతుంది. 20 లీటర్ల బ్యాగుకి అరలీటరు, సాయంత్రం పూట, మట్టి కాస్త తడిగా ఉన్నప్పుడు, 15 నుంచి 20 రోజులకోసారి. నారు నాటే రోజు వేర్లను ఇంకా పల్చటి నీళ్లలో పది నిమిషాలు ముంచి నాటు. పూత రాబోయే ముందు ఒకసారి పోయడం మర్చిపోకు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా ఆకుల మీద చల్లకు, మొదలు దగ్గర మట్టిలోనే పోయాలి, పేడ సంబంధం ఉన్నదేదైనా ఆకు మీద పడకపోవడమే మంచిది. కలిపినవి రెండు మూడు రోజుల్లో వాడేయి, కుళ్లు వాసన వస్తే పారబోయి.

ఎక్కువైతే ఏమవుతుందో నా చేతులతో నేనే చూశాను. మూడేళ్ల కిందట దుకాణంలో నల్లగా మెరిసే పెచ్చుల పొట్లం కొన్నాను. పొటాషియం హ్యూమేట్ అంటారు, ఎక్కువగా లిగ్నైట్ బొగ్గు రకం నుంచి తీస్తారు. మొదటిసారి పోసిన పది రోజులకే వంగమొక్కలు నిగనిగలాడాయి. ఆ ఆశతో వారం వారం చెంచా చొప్పున పన్నెండు బ్యాగులకీ పోశాను. నెల తిరిగేసరికి ఆకులు మందమై వంకర తిరిగాయి, పూత రాలింది, పీకి చూస్తే వేరుకొసలు గోధుమరంగులో పొట్టిగా ఆగిపోయాయి. ఆ ఏడు ఒక్క కాయ కోయలేదు. తర్వాత తెలిసింది, అమెరికాలో ఒహాయో రాష్ట్రపు శాస్త్రవేత్తలు 2002లో ఇదే సంగతి లెక్క కట్టారని. కుండీల్లో టమాటా, దోస మొక్కలకు వర్మీకంపోస్టు హ్యూమిక్ ఇస్తే, కిలో మిశ్రమానికి 50 నుంచి 500 మిల్లీగ్రాముల దాకా పెరుగుదల పెరిగింది, 500 నుంచి 1000 దాటాక తగ్గిపోయింది. వాళ్లు వాడింది తేలికపాటి మిశ్రమం, ఆ లెక్క నీ బ్యాగుకి అచ్చంగా సరిపోదు. నీ బ్యాగులో ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, కంపోస్టు కలిపి 10 కిలోల పైనే ఉంటుంది, అందుకని జాగ్రత్తగా, పెచ్చులు వాడాల్సి వస్తే బ్యాగుకి 1 గ్రాము, నెలకోసారి, పంట మొత్తానికి 4 గ్రాములు దాటించకు. చెంచా కొలత నమ్మకు, వంటింటి డిజిటల్ కాటా మీద తూచు. కొనేటప్పుడు పొట్లం మీద వివరాలు చదువు, 2021 నుంచి మన దేశంలో హ్యూమిక్, ఫుల్విక్ సరుకులు బయోస్టిమ్యులెంట్ల (మొక్కను ఉత్తేజపరిచే సరుకుల) కింద ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి వచ్చాయి. ఏది ఎంత శాతమో రాయని సీసా ఎంత చవకైనా తీసుకోకు. కాల్షియం ఎరువులతో కలిపి పోయకు, విరిగిన పాలలా ముద్దలైపోతుంది. ఒట్టి బోరునీళ్లలో కలిపినా అడుక్కి మడ్డి దిగేది అందుకే.

నీకున్న ఆరు టమాటా బ్యాగుల్లో మూడింటికి ఎర్రదారం కట్టు, వాటికే ఈ నల్లనీళ్లు పోయాలి, మిగతా మూడింటికి మామూలు నీళ్లు. ఒకే రోజు నాటినవి, ఒకే ఎండ పడేవి చూసుకో. రెండు మూడు వారాల్లో కొత్త ఆకుల రంగులో తేడా తెలియకపోతే హ్యూమిక్ ఇంకా ఇంకా పోయకుండా, రోజూ పోసే నీళ్లు మార్చు. ఇప్పటికే పసుపు తిరిగిన ఆకులు మళ్లీ పూర్తిగా పచ్చబడకపోవచ్చు, వాటిని చూసి దిగులు పడకు, చిగురునే చూడు.

బూడిద మీ ఊళ్లో దొరకదంటావేమో. కట్టెలపొయ్యి మీద వంట చేసే దగ్గర బంధువుల పెళ్లి ఒకటి వచ్చేనెల్లోనే ఉంది, రెండు కిలోలు నేను జల్లెడ పట్టి డబ్బాలో పోసి పంపిస్తాను. అల్లుడిగారితో చెప్పు, బస్టాండు నుంచి తెచ్చుకోవాలి.

పెద్దమ్మ