జీతమిచ్చే మిల్లులోనే పొదుపు కూడా పెట్టాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. మావారు ఎనుమాముల దగ్గర ఓ జిన్నింగ్ (పత్తి నుంచి గింజ తీసే) మిల్లులో అకౌంటెంట్. పని తగ్గి, జీతం ఆలస్యంగా వస్తోంది. "విదేశీ పత్తి వల్లే ఈ గతి. దిగుమతులు ఆపుతారు, మన పత్తికి రేటొస్తుంది, ఇప్పుడే మిల్లులో పార్ట్‌నర్‌గా చేరండి" అని మా బావగారు అంటున్నారు. రూ.3 లక్షల ఎఫ్‌డీ వచ్చే నెల మెచ్యూర్ అవుతుంది. అమెరికా షేర్ల ఫండ్‌లో నెలకు రూ.4,000 సిప్ ఉంది. అది ఆపేసి, ఎఫ్‌డీ డబ్బు మిల్లులో పెట్టమంటారా?

జవాబు: వద్దమ్మా. మీ ఇల్లు గడిచేదే ఆ మిల్లు జీతంతో. పొదుపూ అక్కడే పెడితే, పత్తి దెబ్బతిన్న ఏడాది జీతమూ అసలూ ఒకేసారి ఆగిపోతాయి. పైగా మామూలు భాగస్వామ్య సంస్థలో పార్ట్‌నర్ అయితే మిల్లు అప్పులకు మీ సొంత ఆస్తి కూడా పూచీ పడుతుంది. లెక్కలు రాసేది మీవారే కదా! బ్యాంకు క్యాష్ క్రెడిట్ (వ్యాపారం నడపడానికి ఇచ్చే అప్పు) ఎంత వాడేశారో, అడ్తిదారులకు (మార్కెట్ కమిషన్ ఏజెంట్లకు) ఎంత బాకీ ఉందో ఆయన్నే అడగండి.

మీ బావగారి కోపంలో న్యాయం ఉంది. 2025 ఆగస్టు 19 నుంచి కేంద్రం పత్తి దిగుమతులపై 11 శాతం సుంకం ఎత్తేసింది, తర్వాత ఆ మినహాయింపును డిసెంబరు 31 దాకా పొడిగించింది. అది నూలు వడికే స్పిన్నింగ్ మిల్లులకు ఊరట, మన రైతు రేటుకు దెబ్బ. సుంకం ఎత్తేసిన ఎనిమిది రోజులకే అమెరికా మన సరుకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. చేతిలో డబ్బు ఆడనప్పుడు విదేశీ వ్యాపారం మీద కోపం రావడం ఎక్కడైనా ఉన్నదే. రేటు పడటానికి డిమాండ్, వడ్డీలు, కాయలో తేమ ఇలా సవాలక్ష కారణాలున్నా, కంటికి కనిపించేది బయటి నుంచి వచ్చిన బేలు.

ఆ కోపం ఎటు తీసుకెళ్తుందో మాత్రం ముందే చెప్పలేం. 1929లో మాంద్యం మొదలయ్యాక, రైతును ఆదుకుందామని అంతకుముందే మొదలుపెట్టిన స్మూట్-హాలీ బిల్లుతో 1930లో అమెరికా వేల సరుకులపై సుంకాలు పెంచింది. వద్దని వెయ్యిమందికి పైగా ఆర్థికవేత్తలు మొత్తుకున్నా అధ్యక్షుడు హూవర్ సంతకం పెట్టారు. మిగతా దేశాలూ ఎదురు సుంకాలు వేశాయి. ఆ రైతుల ఎగుమతులే కుప్పకూలాయి. 1934 కల్లా సుంకాలు తగ్గించే ఒప్పందాల కోసం ఇంకో చట్టం చేసుకోవాల్సి వచ్చింది. మన దగ్గర 1991లో ఉల్టా జరిగింది. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోయే స్థితిలో, నర్సంపేట పక్కన లక్నేపల్లిలో పుట్టిన పీవీ ప్రధానిగా తలుపులు తెరిచారు. అంత పెద్ద మలుపులను ఊహించి మీ రూ.3 లక్షలు పణంగా పెట్టకూడదు.

ఎఫ్‌డీ డబ్బులో ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి. పిల్లల ఫీజులు, చిట్టీ వాయిదా కూడా అందులో కలపండి. దాన్ని ఒకే ఎఫ్‌డీగా కాకుండా మూడు నాలుగు చిన్నవిగా వేస్తే, అవసరానికి ఒకటి విరిచినా మిగతావి కదలవు. సిప్‌లో ఉన్న యూనిట్లు అమ్మకండి. అది వరంగల్ పత్తితో ముడిపడని సొమ్ము. జీతం రాని నెల వాయిదా ఆపుకోండి, తప్పులేదు. అయితే ఏడెనిమిదేళ్లలోపు కావాల్సిన డబ్బును అందులో ఉంచొద్దు.

ఇంకొకటి, ఈ వారమే చూడండి. జీతం ఆలస్యం చేసే చోట పీఎఫ్ కూడా కట్టకుండా వదిలేస్తుంటారు. మీవారి పాస్‌బుక్‌ను ఉమంగ్ యాప్‌లో తెరిచి, మిల్లు వాటా ఏ నెల వరకు జమైందో చూడమనండి.