ముక్కు దిబ్బడ, తలబరువులకు ఇంట్లోనే ముఖంపై ఆక్యుప్రెషర్ చేసుకోవచ్చా?

ఆక్యుప్రెషర్ అంటే ఒంటిపై కొన్ని బిందువులను వేళ్లతో నొక్కడం. ఇంట్లో చేసుకోవచ్చు, అయితే అది తాత్కాలిక ఉపశమనమే తప్ప జబ్బును నయం చేసే వైద్యం కాదు, దీనిపై జరిగిన పరిశోధనలు కూడా చాలావరకు చిన్నవే.

విశాఖపట్నంలో బయట సముద్రపు తేమకు, రుషికొండ, మధురవాడ ఆఫీసుల్లో ఏసీ చల్లదనానికి మధ్య తిరిగేవారిని ముక్కు దిబ్బడ తరచుగా బాధిస్తుంది గనుక ముందుగా దాని గురించే చెబుతాను. ముక్కుపుటాల పక్కన, బుగ్గ మడత మొదలయ్యే చోట వేలికి చిన్న పల్లం తగులుతుంది. చైనా సంప్రదాయ వైద్యంలో ఆ బిందువును ఎల్‌ఐ 20 అంటారు. చేతులు సబ్బుతో కడుక్కుని, రెండు చూపుడువేళ్ల కొనలను రెండువైపులా ఒకేసారి ఆనించి, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ ఒకటి రెండు నిమిషాలు గుండ్రంగా నొక్కుతూ తిప్పాలి. ఒత్తిడి తెలియాలి గాని నొప్పి పుట్టకూడదు, గోరు అసలు తగలకూడదు.

కంప్యూటర్ ముందు గంటల తరబడి కూర్చోవడం వల్ల వచ్చే తలబరువుకు కనుబొమల మధ్య, కణతల మీద ఇంకా తేలికగా నొక్కితే చాలు. కనుగుడ్డు మీద మాత్రం ఎన్నడూ నొక్కకండి. మొటిమలు, పుండ్లు ఉన్నచోటును వదిలేయండి.

హఠాత్తుగా భరించలేని తలనొప్పి వచ్చినా, మూతి ఒక పక్కకు వంకరపోయినా, మాట తడబడినా ఇలాంటి ప్రయత్నాలతో కాలయాపన చేయక వెంటనే 108కు ఫోన్ చేయండి.