క్రాప్ చేసిన భాగం ఒకటి, సేవ్ అయ్యేది ఇంకొకటి: ఎందుకిలా?

వెబ్ పేజీలో ఫోటో క్రాప్ చేసేటప్పుడు యూజర్ గీసిన పెట్టె కొలతలు స్క్రీన్ మీద కుదించి చూపిన ఫోటోవి, సర్వర్ కత్తిరించేదేమో అసలు ఫైల్‌ను. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకపోవడం వల్లే వేరే భాగం సేవ్ అవుతుంది.

పేజీలో పట్టడానికి బ్రౌజర్ ఫోటోను చిన్నదిగా చూపిస్తుంది కానీ ఫైల్‌లోని పిక్సెళ్లు మారవు. అందుకే అసలు వెడల్పును, అంటే నేచురల్‌విడ్త్‌ను, కనిపించే వెడల్పుతో భాగించి, వచ్చిన సంఖ్యతో అన్ని కొలతలనూ గుణించి పంపాలి. 4000 పిక్సెళ్ల ఫోటో పేజీలో 800 పిక్సెళ్ల వెడల్పుతో కనిపిస్తోందనుకోండి. నిష్పత్తి 5. ఎడమ నుంచి 100, పై నుంచి 60 దగ్గర 200 పిక్సెళ్ల చదరం గీస్తే, సర్వర్‌కు వెళ్లాల్సినవి 500, 300, 1000.

చాలామంది దీన్ని క్రాపర్ లైబ్రరీలో (పేజీలో క్రాప్ పెట్టెను చూపించే రెడీమేడ్ కోడ్‌లో) బగ్ అనుకుని లైబ్రరీలు మారుస్తూ పోతారు. అనవసరమైన శ్రమ అది. కొన్ని లైబ్రరీలు అసలు సైజు కొలతలనే ఇస్తాయి, అప్పుడు మళ్లీ గుణించకూడదు.

లెక్క సరిగ్గా ఉన్నా ఫోన్‌లో నిలువుగా తీసిన ఫోటోలే తేడాగా వస్తుంటే కారణం ఎగ్జిఫ్ ఓరియంటేషన్, అంటే ఫోటోను ఎటు తిప్పి చూపాలో కెమెరా ఫైల్‌లోనే రాసి ఉంచే సమాచారం. బ్రౌజర్ దాన్ని చదివి ఫోటోను తిప్పి చూపిస్తుంది. పిల్లో (ఫోటోలతో పనిచేసే పైథాన్ లైబ్రరీ) లాంటి సర్వర్ లైబ్రరీ మనం చెప్పకపోతే తిప్పదు. ముందు తిప్పించి, ఆ తర్వాతే కత్తిరించండి.